ముప్పై రెండు ఎకరాల పేదవాడు

నాగన్న ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కిన కబురు ఉప్పువంకకు మూడు రోజులు ఆలస్యంగా చేరింది. మోసుకొచ్చింది కళ్యాణదుర్గం హైస్కూలు హెడ్మాష్టరే. ఆయన బెళుగుప్ప దాకా బస్సులో వచ్చి, అక్కడ తెలిసినవాళ్ల దగ్గర సైకిలు అడిగి తీసుకుని, ఆరు మైళ్లు తొక్కుకుంటూ ఊరు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పందొమ్మిది వందల అరవయ్యారు, జూన్ నెల. దారికి రెండు పక్కలా ఎర్రటి చేలు నాగలి మొహం చూడకుండా పడి ఉన్నాయి. నిరుడు వేసిన శెనక్కాయ ఊడలు దిగకముందే మాడిపోయింది. ఈ ఏడు విత్తనానికి కూడా ఎవరింట్లోనూ కాయలు మిగల్లేదు.

ఆయన వచ్చేటప్పటికి గంగాధరప్ప తన ఇంటి అరుగు మీద కూర్చుని ఇద్దరు అన్నదమ్ముల గట్టు తగాదా తీరుస్తున్నాడు. గట్టుకు ఇటూ అటూ గడ్డిపోచ కూడా లేని చేలు అవి. అయినా తగాదా తగాదానే. గంగాధరప్ప ఇద్దరి మాటా పూర్తిగా విని, సాయంత్రం తాడు తీసుకుని చేని కాడికి వస్తానని చెప్పి పంపేశాడు. ఊళ్లో అతని మాటకు ఎదురు లేదు. తాత నాటి నుంచి ముప్పై రెండు ఎకరాల ఆసామి కుటుంబం. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో వాళ్ల ఇంటిపేరు ఎవరికీ గుర్తు లేదు. 'ముప్పై రెండెకరాలోళ్లు' అంటే చాలు.

గంగాధరప్ప భార్య అంజనమ్మ చెంబుతో నీళ్లు, చిన్న బెల్లంముక్క తెచ్చి హెడ్మాష్టరు ముందు పెట్టింది. మజ్జిగ ఇవ్వలేకపోయినందుకు ఆమె మొహం చిన్నబోయింది. ఆవును ఉగాదికి ముందే అమ్మేశారు.

"మీవాడు స్కూలుకంతా రెండోవాడుగా వచ్చినాడు గంగాధరప్పా," అన్నాడు హెడ్మాష్టరు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "అనంతపురం సర్కారు కాలేజీలో పి.యు.సి.కి పంపు. నాకు తెలిసి ఈ ఊర్నుంచి కాలేజీకి పోయినోళ్లు ఇంతవరకు ఎవరూ లేరు."

గంగాధరప్ప సంతోషంగా తలూపాడు గాని చూపు గడప వైపు పోయింది. కొడుకు గడప లోపలే నిలబడి వింటున్నాడని అతనికి తెలుసు.

"దుడ్ల సంగతి ఆలోచన చేస్తాండావని నాకు తెలుసు. దానికే నేను ఇంత దూరం వచ్చింది," అంటూ హెడ్మాష్టరు సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "సర్కారు స్కాలర్‌షిప్పని ఇస్తాండాది. ఫీజు కట్టే పని లేదు. హాస్టల్లో కూడు పెడతారు. పుస్తకాలకు వేరే ఇస్తారు. వాడు చదివినన్నాళ్లూ నీ చేతి నుంచి ఒక్క రూపాయి పోదు."

"ఊరికే ఎవరిస్తారు ఐవారూ?"

"ఊరికే కాదప్పా. మార్కులుండాల. ఇంట్లో లేకుండా ఉండాల. మార్కులు వాడు తెచ్చినాడు."

మిగిలిన సగం మాట ఆయన అనలేదు. అరుగు మీద కాగితం పరిచి, అందులో ఒక గడి మీద వేలు పెట్టి చూపించాడు. తండ్రి సంవత్సరాదాయం. అది ఇంతకు లోపు అని తాసిల్దారు సంతకంతో ధ్రువపత్రం తేవాలి. గడువు నెలాఖరు.

గంగాధరప్ప ఆ గడి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. "మేం అడుక్కుని తినేవాళ్లం కాదు గదా ఐవారూ," అన్నాడు మెల్లగా.

హెడ్మాష్టరుకు కోపం రాలేదు. ఆ మాట ఆయన వేరే ఊళ్లలో కూడా విన్నట్టుంది. "ఇది ఎవరో ఒకరు జేబులోంచి తీసి వేసే భిక్షం కాదు. నీలాంటోళ్లు ఏళ్ల తరబడి కట్టిన శిస్తులోంచి వచ్చే దుడ్లే. ఏటేటా అడిగే పిల్లోళ్లు లేక కొంత వెనక్కి పోతాందని విన్నా. మన పల్లెల్లో ఉండే పిల్లోళ్లకు అదొకటి ఉండాదనే తెలీదు. తెలిసినోళ్లు అడగరు. నేను ఏం చేసేది చెప్పు?"

ఆయన నీళ్లు తాగి, బెల్లంముక్క నోట్లో వేసుకుని, ఎండ తగ్గకముందే మళ్లీ సైకిలెక్కాడు. ఇంకో రెండు ఊళ్లు తిరగాలట.

ఆ రాత్రి నాగన్న ఎత్తలేదు ఆ మాట. మరునాడు కూడా ఎత్తలేదు. మూడో నాడు తండ్రి పశువుల కొట్టంలో మిగిలిన ఒక్క ఎద్దుకు ఎండు చొప్ప వేస్తుంటే వెనకే వచ్చి నిలబడ్డాడు. వాడికి పదిహేడేళ్లు. మాట తక్కువ, మాట్లాడితే తిన్నగా మాట్లాడతాడు.

"నాయనా, మనం లేనోళ్లమని రాసేకి నీకు సిగ్గా?"

గంగాధరప్ప చేతిలో చొప్పకట్ట అట్లే నిలిచిపోయింది. "లేనోళ్లమని ఎవరన్నారు? ముప్పై రెండెకరాలు ఉండాదిరా."

"ఉండాది. దాంట్లో ఏమొచ్చింది నిరుడు?"

"ఒక ఏడు రాలేదని..."

"మునుపటేడు?"

గంగాధరప్ప చొప్ప ఎద్దు ముందు వేశాడు. కొడుకు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. గంగాధరప్పకు వాడి మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. కోపం వచ్చి ఉంటే తిట్టి, ఆ మాటను అక్కడితో దులిపేసుకునేవాడు.

మరుసటి రోజు కరణం ఇంటికి వెళ్లాడు. కరణం పెద్దమనిషే, గంగాధరప్ప తండ్రిని ఎరిగినవాడు. సంగతి విని, దస్త్రం విప్పి, కళ్లజోడు సర్దుకుని, గంగాధరప్ప పేరున్న పేజీ తెరిచి చూపించాడు.

"చూడప్పా. మెట్ట, ముప్పై రెండెకరాల పద్నాలుగు సెంట్లు. నేను భూమి రాస్తా. పంట రాస్తా. మీ ఇంట్లో పొయ్యి రాజిందా లేదా అని రాసే గడి నా పుస్తకంలో లేదు. ముప్పై రెండెకరాల వానికి ఆదాయం లేదని నేను రాసి పంపితే తాసిల్దారు నా ఉద్యోగం సంగతి చూస్తాడు."

గంగాధరప్ప లేవబోయాడు. కరణం గొంతు తగ్గించి ఇంకో దారి చెప్పాడు. "కాగితం మీద పంపకాలు చేసుకోరాదా? నీకు ఆరు, నీ తమ్ముళ్ల పేర ఇంత, మీ ఆడమనిషి పేర ఇంత. రేప్పొద్దున పిల్లోడి పని అయినాక మళ్లీ కలుపుకోవచ్చు. శానామంది చేస్తాండారు."

"నాకు తమ్ముళ్లు లేరు గదప్పా."

"పెదనాయన కొడుకులు ఉండారు గదా."

"దొంగ కాగితం రాసి నా కొడుకును కాలేజీకి పంపేదా?" అన్నాడు గంగాధరప్ప. కరణం దస్త్రం మడిచి, "అట్లయితే నీ ఇష్టం," అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో అతనికి ఒకటి తోచింది. దొంగ కాగితం రాయనన్నాడు, బాగానే ఉంది. మరి నిజం కాగితం ఏమని రాయాలి? నిజం ఏమిటో అతనికి తెలుసు. రెండెద్దుల్లో ఒకటి పోయింది, ఆవు పోయింది, అంజనమ్మ చెవుల కమ్మలు కళ్యాణదుర్గంలో కుదువలో ఉన్నాయి. పూటకు రాగిసంగటి ముద్ద దొరుకుతున్నదంటే అది అంజనమ్మ తెచ్చే రాగుల పుణ్యం. ఆమె అన్న బాలప్పకు కొంగనపల్లెలో బావి కింద రెండెకరాల మడి ఉంది. వదినె నడుం నొప్పితో మంచం పట్టిందని, పనికి సాయంగా మూడు నెలల నుంచి అంజనమ్మ తెల్లవారుజామునే లేచి నాలుగు మైళ్లు నడిచిపోయి, పొద్దు గూకేవేళకు తిరిగి వస్తోంది. వారానికొకసారి కొంగున రాగులు కట్టుకుని వస్తుంది. బావమరిది ఇచ్చింది తినడం గంగాధరప్పకు కష్టంగానే ఉండేది. అయితే అది చుట్టరికం లోపలి సంగతి. బయటికి తెలియదు. బయటికి తెలియనంతవరకు ముప్పై రెండెకరాల ఆసామి ముప్పై రెండెకరాల ఆసామే.

గడువు ఇంకా వారం ఉందనగా, అంజనమ్మ సంగటి ముద్ద అతని పళ్లెంలో పెడుతూ అంది. "రేపు బస్సుకు కళ్యాణదుర్గం పోదాం. ఇద్దరం."

"తాసిల్దారు కాడికా? పోయి ఏమని చెప్పేది?"

"ఉండేది చెప్తాం."

"నువ్వేం చేస్తావు ఆఫీసులో? ఆడమనిషివి."

"నాకు పని ఉండాది," అంది ఆమె. ఆమె వేళ్లకు అక్కడక్కడా గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. మడిలో ముళ్లు గీరుకున్నాయని ఇంతకుముందు అడిగినప్పుడు చెప్పింది. నీళ్లు పారే మడిలో అన్ని ముళ్లు ఎక్కడివని గంగాధరప్ప మళ్లీ అడగలేదు.

తాలూకా కచేరీ వరండాలో అప్పటికే ముప్పై నలభై మంది కూర్చుని ఉన్నారు. పశుగ్రాసం అప్పులకు వచ్చినవాళ్లు, బావుల పూడికతీతకు దరఖాస్తు పెట్టినవాళ్లు. గంగాధరప్పను గుర్తుపట్టి ఇద్దరు ముగ్గురు లేచి చోటిచ్చారు. "ఏమప్పా, ఎవరి పని మీద వచ్చినావు?" అని అడిగారు. అతను ఊరి పెద్దగా ఎవరి తరఫునో వచ్చి ఉంటాడని వాళ్ల నమ్మకం. "ఊరకే," అన్నాడు గంగాధరప్ప.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక పిలుపు వచ్చింది. తాసిల్దారు నలభై ఏళ్ల మనిషి. కృష్ణా జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి ఆరు నెలలైంది. బల్లకు ఒక పక్కగా బెళుగుప్ప వైపు ఊళ్లు చూసే రెవిన్యూ ఇన్‌స్పెక్టరు కాగితాల కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తాసిల్దారు దరఖాస్తు చదివాడు, భూమి ఎంతో చూశాడు, తలెత్తాడు.

"ముప్పై రెండు ఎకరాలు. మా వైపు ముప్పై రెండు ఎకరాలున్నవాడు నలుగురు పిల్లలకు తన సొమ్ముతో చదువు చెప్పిస్తాడు. మీరు పేదవాళ్లకిచ్చే స్కాలర్‌షిప్పు అడుగుతున్నారు."

ఇన్‌స్పెక్టరు మధ్యలో కల్పించుకున్నాడు. "మెట్ట భూమి సార్. నిరుడు ఆ ఊరికంతా శిస్తు మాఫీ అయింది."

"మాఫీ తాలూకాలో అందరికీ అయింది. అందరూ పేదవాళ్లేనని సంతకం పెట్టమంటారా? భూమి మీద రాకపోతే ఇంకో దాని మీద వస్తూ ఉండొచ్చు. గొర్రెలుండొచ్చు, వడ్డీ వ్యాపారం ఉండొచ్చు." ఆయన గంగాధరప్ప వైపు తిరిగాడు. గొంతులో కాఠిన్యం లేదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "పంట లేదంటున్నారు. గొర్రెలూ లేవని ఇందులో రాశారు. మరి మీరు ముగ్గురూ ఏం తిని బతుకుతున్నారు?"

గంగాధరప్పకు ఆ ప్రశ్న అంత సూటిగా వస్తుందని తెలియదు. గదిలో ఇద్దరు గుమస్తాలు, ఒక బంట్రోతు. తలుపు తీసే ఉంది, వరండాలో అతనికి చోటిచ్చిన మనుషులు వింటున్నారు. ఊళ్లో వందల తగాదాల్లో మాట్లాడిన నోరు అతనిది. ఇప్పుడు నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"నా బావమరిది ఇస్తాండాడు సామీ," అన్నాడు చివరకు.

"అయితే ఆదాయం అక్కడ ఉందన్నమాట. ఆయన్నే చదివించమనండి." తాసిల్దారు కాగితం పక్కకు నెట్టబోయాడు.

"మా అన్న ఏమీ ఇయ్యల్యా సామీ," అంది అంజనమ్మ.

ఆమె అప్పటిదాకా తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇప్పుడు రెండడుగులు ముందుకు వచ్చింది. తలమీద కొంగు సర్దుకుని, తాసిల్దారు వైపు కాకుండా ఇన్‌స్పెక్టరు వైపు చూస్తూ మాట్లాడింది. "మా అన్న బావి ఎండి ఆర్నెల్లయింది. నేను కొంగనపల్లె రోడ్డు మీద కరువు పనిలో కంకర కొడతాండా. మీరు రెండు తూర్లు ఆడికి వచ్చినారు. మస్టర్లో నా పేరు ఉండాది, చూడండి."

గంగాధరప్ప భార్య వైపు తిరిగి చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టరు కట్టలోంచి కొంగనపల్లె రోడ్డు పనివాళ్ల హాజరు రాసే మస్టర్ పుస్తకం వెతికి తీశాడు. పేజీలు తిప్పాడు. "అంజనమ్మ, మొగుడు గంగాధరప్ప అని ఎక్కడా లేదమ్మా."

"అట్లుండదు సామీ. అంజనమ్మ, తండ్రి వీరప్ప అని ఉంటాది. ఊరు కొంగనపల్లె అని చెప్పినా. అది నా పుట్టిల్లు."

వేలు పేజీ మీద కిందికి జారి ఒక చోట ఆగింది. ఆయన నెలవారీగా గీతలు లెక్కపెట్టాడు. మార్చిలో పద్దెనిమిది రోజులు. ఏప్రిల్‌లో ఇరవై నాలుగు. మే నెలలో ఇరవై తొమ్మిది. వడదెబ్బకు పనివాళ్లు పడిపోతుంటే పని వేళలు మార్చిన నెల అది. అంతా కలిపి డెబ్బై ఒక్క రోజు. జూన్ గీతలు ఇంకా ఎక్కించలేదు.

"నేను గుర్తుపట్టలేదు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు తాసిల్దారుతో. "అక్కడ రెండొందల మంది ఉంటారు. కానీ ఈ లెక్క నిజం. నేను వెళ్లిన రెండు రోజులూ కూలి వేలిముద్రలు నా ఎదుటే పడ్డాయి."

తాసిల్దారు ఆమె చేతుల వైపు చూశాడు. తర్వాత గంగాధరప్పను చూశాడు. "మీకు తెలియదా?"

తెలియదు అనడం సులువు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కాని మూడు నెలలుగా తాను చూసినవన్నీ ఒక్కసారిగా అతని ముందుకు వచ్చాయి. తడి తగలని అంచుల మీద ఎర్రదుమ్ము పేరుకున్న చీర. నిద్రలో ఆమె పిడికిళ్లు బిగుసుకోవడం. బావి కింద పండిన రాగులైతే ఒక రకంగా ఉంటాయి, ఆమె తెచ్చినవి అంగడి రాగులు, రాళ్లతో కలిసినవి. రైతుబిడ్డకు ఆ తేడా తెలియకుండా పోతుందా?

"తెలుసుకోవాలని అనుకోలేదు సామీ," అన్నాడు గంగాధరప్ప. "అడిగితే నిజం చెప్తాదని నాకు తెలుసు. అందుకే అడగల్యా."

తాసిల్దారు కాగితం మళ్లీ తన ముందుకు జరుపుకున్నాడు. గంగాధరప్పే మళ్లీ నోరు తెరిచాడు. ఈసారి గొంతు వరండా దాకా వినిపించేట్టు, తగాదాల్లో తీర్పు చెప్పేటప్పటి గొంతుతోనే చెప్పాడు. "నాకు ముప్పై రెండెకరాలు ఉండాది. దాంట్లో మూడేండ్ల నుంచి ఏమీ రాలేదు. ఎద్దును అమ్మినా. ఆవును అమ్మినా. నా పెండ్లాము కూలి తెస్తే తింటాండా. నేను లేనోన్ని. అట్లని రాసుకోండి సామీ."

తాసిల్దారు కలం తీసుకున్నాడు. మూడు నెలల కూలి డబ్బు ఎంతో ఇన్‌స్పెక్టరును అడిగి, దాన్ని ఏడాదికి లెక్కకట్టి, ఆ గడిలో వేయించాడు. సంతకం పెట్టాక కాగితం వెంటనే ఇవ్వలేదు. చేతిలో పట్టుకుని, "మా నాన్న బడిపంతులు," అన్నాడు. "నాకూ ఇలాంటి కాగితమే కావలసి వచ్చింది ఒకప్పుడు. ఆయన అడగనన్నాడు. మా మేనమామ ఎవరికీ చెప్పకుండా వెళ్లి తెచ్చాడు." అంతకుమించి చెప్పకుండా ముద్ర వేయించి ఇచ్చేశాడు.

బయటకు వచ్చేటప్పుడు వరండాలో ఎవరూ పలకరించలేదు. ఒక్క ముసలాయన మాత్రం జరిగి దారి ఇచ్చాడు.

బస్సు రావడానికి గంట ఉంది. ఇద్దరూ బస్టాండు పక్కన కానుగ చెట్టు నీడలో కూర్చున్నారు. గంగాధరప్ప కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు.

"ఎందుకు చెప్పల్యా నాకు?"

"చెప్తే నువ్వు తినవు," అంది అంజనమ్మ.

అది నిజమే. చెప్పి ఉంటే ఆ ముద్ద ముట్టేవాడు కాదు. ఆమెను పనికి పోనిచ్చేవాడూ కాదు. ముగ్గురూ పరువుగా పస్తుండేవాళ్లు. అతను ఆమె చెయ్యి తీసుకుని, వేలికి చుట్టిన పీలిక వదులైపోతే మళ్లీ గట్టిగా కట్టాడు. నలుగురూ తిరిగే బస్టాండులో మొగుడు అట్లా చెయ్యి పట్టుకోవడం ఆమెకు ఇబ్బందిగా ఉంది. అయినా వెనక్కి లాక్కోలేదు.

"సుత్తి యాడిది నీకు?" అని అడిగాడు.

"ఆడనే ఇస్తారు. మేస్త్రీ కాడ ఉంటాయి."

"మగోళ్లకు గూడా ఇస్తారా?"

ఆమె ఈసారి అతని మొహంలోకి చూసింది. "ఇస్తారు," అంది.

సోమవారం తెల్లవారుజామున ఇద్దరూ కలిసి నాలుగు మైళ్లు నడిచి కొంగనపల్లె రోడ్డు పనికి వెళ్లారు. మేస్త్రీ గంగాధరప్పను చూసి, ఎవరో పెద్దమనిషి పని చూడడానికి వచ్చాడనుకుని లేచి నిలబడ్డాడు. పేరు అడిగితే గంగాధరప్ప తన పేరు, తండ్రి పేరు, ఉప్పువంక అని ఊరు పేరు దాచకుండా చెప్పాడు. అంజనమ్మ పేరు పక్కన కూడా ఊరు మార్పించాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. కంకరకుప్పల దగ్గర కూర్చున్నవాళ్లలో అతను తగాదాలు తీర్చినవాళ్లు నలుగురైనా ఉన్నారు. అందులో ఒకడు, ఆమధ్య గట్టు విషయంలో ఓడిపోయినవాడు, రాయిని ఏ వైపు తిప్పి కొడితే పగులుతుందో చూపించాడు. మధ్యాహ్నానికి అతని అరచేతులు బొబ్బలెక్కాయి. అంజనమ్మ అతనికన్నా రెండు తట్టలు ఎక్కువ కొట్టింది.

నాగన్న కాలేజీలో చేరాడు. స్కాలర్‌షిప్పు మంజూరు కాగితం మాత్రం జనవరి దాకా రాలేదు. మధ్యలో రెండుసార్లు వాడు ఇంటికి ఉత్తరం రాశాడు. హాస్టలు వార్డెను భోజనం ఆపలేదని, దుడ్లు వచ్చినప్పుడు కట్టించుకుంటామన్నారని, పుస్తకాలు లైబ్రరీలో కూర్చుని చదువుకుంటున్నానని. పాదాలకు చెప్పుల్లేని వాళ్లు తానొక్కడే కాదని కూడా రాశాడు. ఆ వాక్యం గంగాధరప్ప ఊరి బడి ఐవారితో రెండుసార్లు చదివించుకున్నాడు. జనవరిలో ఒక్కసారే ఏడు నెలల మొత్తం వచ్చింది. అందులో హాస్టలు బాకీ పోగా మిగిలిన దాంట్లో వాడు తల్లికి కమ్మలు విడిపించడానికి పదిహేను రూపాయలు పంపాడు. అంజనమ్మ ఆ డబ్బు వాడికే తిప్పి పంపింది, చెప్పులు కొనుక్కోమని.

ఆ ఏడు వానలు కొంచెం పడ్డాయి. గొప్ప పంట కాదు గాని, విత్తనానికి మిగిలింది. గంగాధరప్ప అరుగు మీద తగాదాలు కొన్నాళ్లు తగ్గాయి. కంకర కొట్టినవాడి తీర్పు వినడమెందుకని ఒకరిద్దరు అన్నారని అతనికి తెలిసింది. తర్వాత మళ్లీ వచ్చారు. మునుపటికీ ఇప్పటికీ ఒక తేడా మాత్రం వచ్చింది. అతను ఇప్పుడు తీర్పు చెప్పే ముందు, ఇంట్లో ఎట్లా జరుగుతోందని అడిగేవాడు. చాలామంది తల వంచుకునేవాళ్లు. కొందరు చెప్పేవాళ్లు.

మరుసటి జూన్‌లో ఆదెప్ప వచ్చాడు. గొర్రెలు కాసే కుటుంబం, పన్నెండెకరాల మెట్ట, కరువులో మంద సగానికి పైగా పోయింది. ఆదెప్ప కూతురు రామాంజినమ్మ ఎస్.ఎస్.ఎల్.సి. పాసైంది. ఉప్పువంకలో అంతవరకు పాసైన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఆదెప్ప అరుగు కింద చాలాసేపు నిలబడి, ఎవరూ లేని సమయం చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, ఆ కాగితం... నీ పిల్లోనికి ఇచ్చినట్ల, ఆడపిల్లకు గూడా ఇస్తారా?"

"ఇస్తారు. వేరే హాస్టలు ఉండాది ఆడపిల్లోళ్లకు. నాగన్న చూసినాడంట."

"ఇస్తే ఊళ్లో ఏమంటారో."

"అంటారు. అన్నీ అంటారు."

ఆదెప్ప కాలి బొటనవేలితో మట్టిలో గీత గీశాడు. "పన్నెండెకరాలు ఉండాది. గొర్రెలు ఇంకా ముప్పై ఉండాయి. లేదని ఎట్లా చెప్పేది? నువ్వు వచ్చి మాట్లాడన్నా. నీకు తెలిసిన ఆఫీసు."

గంగాధరప్ప లోపలికి పోయి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. బెళుగుప్పలో బస్సు పదకొండింటికి. ఇప్పుడు బయల్దేరితే అందుతుంది.

"వస్తా," అన్నాడు. "పక్కన కూర్చుంటా. కాని నేను మాట్లాడను ఆదెప్పా. గొర్రెలు ఎన్ని ఉండాయో, ఎన్ని పోయినాయో, నీ ఇంట్లో ఎన్ని పూటలు వండుతాండారో, నువ్వే చెప్పాల. ముప్పై ఉంటే ముప్పై అనే చెప్పు. కొంచెం సేపు నోరు రాదు. రాకపోతే పోనీలే, వినేకి వాళ్లు కూర్చునే ఉంటారు."

ఆదెప్ప తలూపాడు. ఎదురుగా ఉన్న తన గుడిసె వైపు తిరిగి కూతుర్ని కేకేశాడు. రామాంజినమ్మ మార్కుల కాగితం ఒక పాత నోటుబుక్కులో పెట్టుకుని, జడ బిగించుకుంటూ బయటికి వచ్చింది. ముగ్గురూ బెళుగుప్ప దారి పట్టారు.